పట్టు ఏ చక్రానికి?

త్రిపురారం దగ్గర, సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారే ఒక ఊళ్లో, ఒక పెద్దాయన ఉండేవాడు. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలిననాటికి ఆయన ఇంకా చిన్న పిల్లవాడు. జొన్న, ఆముదం పండిన మెట్ట నేలలు కళ్లముందే మాగాణి అయ్యాయి. నేల మీద నీళ్లు నిలబడ్డాయి, నీళ్లు నిలబడిన నేల బురదైంది, ఆ బురదలో ఎద్దులు మోకాళ్ల దాకా దిగబడ్డాయి. ఎద్దులు పోయి ట్రాక్టర్ వచ్చింది. అదీ దిగబడింది. అప్పుడు ఇనుప చక్రాలు వచ్చాయి, అందరూ కేజ్ వీల్స్ అనేవి. పెద్దాయన నలభై ఏళ్లు వాటితోనే దమ్ము చేశాడు. మోకాళ్లు అరిగాక తాళంచెవి పెద్ద కొడుకు చేతికిచ్చి, అరుగు మీద కూర్చున్నాడు.

పెద్దోడు పనిమంతుడు. తన ఆరెకరాలే కాక ఊళ్లో సగం పొలాలకు దమ్ము అతనిదే. చిన్నోడు చదువుకున్నాడు. మిర్యాలగూడలో ఇంటర్, హైదరాబాద్‌లో ఇంజినీరింగ్, ఆ తర్వాత అమెరికా. కాలిఫోర్నియాలో భార్య, ఇద్దరు పిల్లలు, ఒక కారు. అక్కడ పొద్దుగూకే వేళకు ఇక్కడ తెల్లవారుతుంది. అందుకని పెద్దాయన రోజూ పొద్దున చాయ్ తాగుతూ మనవరాలికి ఫోన్ చేసేవాడు.

డిసెంబర్ నెల. యాసంగికి కాలువ నీళ్లొచ్చాయి, నారుమళ్లు పచ్చబడ్డాయి, దమ్ములు మొదలయ్యాయి. ఒక పొలం నుంచి ఇంకో పొలానికి పోవాలంటే తారురోడ్డు మీద రెండు కిలోమీటర్లు. కేజ్ వీల్స్ విప్పి టైర్లు ఎక్కించాలంటే జాకీ పెట్టాలి, నట్లు తిప్పాలి, గంట పోతుంది. అక్కడికి పోయాక మళ్లీ విప్పి మళ్లీ ఎక్కించాలి, ఇంకో గంట. ఇవతల పది మంది రైతులు "మా పొలానికి ఎప్పుడొస్తవ్" అని ఫోన్ల మీద ఫోన్లు. పెద్దోడు ఇనుప చక్రాలతోనే రోడ్డెక్కేవాడు. టక టక టక టక. ఊరు ఆ చప్పుడుకు అలవాటుపడింది.

ఒక రాత్రి పాలకేంద్రానికి క్యాన్లు తీసుకుపోతున్న పొరుగింటాయన బండి మలుపు దగ్గర గుంటలో పడింది. చెయ్యి విరిగింది. పాలు రోడ్డు పాలయ్యాయి. తెల్లారి అందరూ వచ్చి చూశారు. తారు పెచ్చులు లేచి, కంకర బయటపడి, మలుపంతా చిల్లులు పడి ఉంది.

"నాసిరకం రోడ్డేసిండ్రు. రెండేండ్లు కూడా ఆగలే" అన్నాడు పెద్దోడు.

పెద్దాయన ఏమీ అనలేదు. పొరుగింటికి పోయి, ఆ మనిషి మంచం పక్కన చాలాసేపు కూర్చుని వచ్చాడు.

వారం గడిచింది. పొద్దున ఆరున్నర. వాకిట్లో ట్రాక్టర్ స్టార్ట్ చేసి ఉంది, వెనక ఇనుప చక్రాలు బిగించి ఉన్నాయి. పెద్దాయన ఫోన్ కలిపాడు. ఎత్తింది మనవరాలు, ఎనిమిదేళ్ల పిల్ల.

"తాతా, మా కారు స్టక్ అయింది. బయట అంతా మంచు. అమ్మ భయపడుతోంది."

పెద్దాయన చెయ్యెత్తి పెద్దోడిని ఇంజిన్ ఆపమన్నాడు. వాకిలి నిశ్శబ్దమైంది.

అక్కడ సాయంత్రం ఐదు. క్రిస్మస్ సెలవులకు చిన్నోడు పెళ్లాం పిల్లలతో తాహో సరస్సుకు బయల్దేరాడు. శాక్రమెంటో దాటి ఐ-80 రహదారి కొండలెక్కేసరికి మంచు దంచి కొడుతోంది. గొలుసులు లేకుండా పైకి పోనివ్వబోమని బోర్డు పెట్టారు. రోడ్డు పక్కన గొలుసులు కట్టుకోవడానికి విడిచిన జాగాలో కారు ఆపాడు. గొలుసులు కొనుక్కున్నాడు పాపం, మూడేళ్ల కిందటే. డిక్కీలో ఉన్న ఆ డబ్బా మూత ఆ రోజుదాకా తెరవలేదు. చీకటి పడుతుంటే, చేతివేళ్లు కొంకర్లు పోతుంటే, ఫోన్ వెలుతురులో కాగితం చదువుకుంటూ ముప్పావుగంట తంటాలు పడి కట్టాడు. ఎక్కి కూర్చుని యాక్సిలరేటర్ తొక్కితే కారు కదలదు. చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, బండి ఉన్నచోటే పక్కకు జారుతోంది.

"బిడ్డా, ఫోన్ చక్రాల దిక్కు పెట్టు. ఏ చక్రం తిరుగుతున్నదో చూసి చెప్పు."

"ముందువి, తాతా."

"మీ నాయిన గొలుసు ఏ చక్రానికి కట్టిండు?"

"వెనక వాటికి."

చిన్నోడు ఫోన్ తీసుకున్నాడు. గొంతు వణుకుతోంది. "నాయినా, మన ట్రాక్టర్‌కు వెనకకే కద ఎక్కిస్తం. చిన్నప్పటి నుంచి చూసింది అదే. అందుకే వెనక కట్టిన."

"ట్రాక్టర్‌కు వెనక ఎందుకు ఎక్కిస్తమో ఎన్నడన్న అడిగినవా బిడ్డా?"

చిన్నోడు మాట్లాడలేదు.

"ఇంజిన్ బలం వెనక చక్రాలకు పోతది గనుక. నీ కారుకు బలం ఎటు పోతది?"

"ముందుకు."

"మరి పట్టు ఏ చక్రానికి కావాలె?"

చిన్నోడు ఫోన్ పిల్ల చేతికిచ్చి మళ్లీ మంచులో మోకాళ్ల మీద కూర్చున్నాడు. వెనక గొలుసులు విప్పి ముందు చక్రాలకు కట్టాడు. ఈసారి తొందరగానే అయింది. మెత్తగా తొక్కితే కారు కదిలింది. పెద్దాయన ఫోన్ పెట్టేసి, చల్లారిన చాయ్ తాగాడు. పెద్దోడు ట్రాక్టర్ దగ్గరికి పోలేదు. అరుగు మెట్టు మీదే కూర్చున్నాడు.

రెండు గంటలైంది. ఈసారి అటునుంచే ఫోన్ వచ్చింది. కనుమ దాటారు, కిందికి దిగుతున్నారు, మంచు తగ్గింది. చిన్నోడి గొంతులో ప్రాణం వచ్చింది. ఆ గొంతు వెనక నుంచి ఒక చప్పుడు వినిపిస్తోంది. టక టక టక టక.

"ఆ సప్పుడు నాకు తెలుసు" అన్నాడు పెద్దాయన. "రోడ్డు ఏ రంగున్నది?"

పిల్ల చెప్పింది: "నల్లగా ఉంది తాతా. మంచు లేదు."

"మళ్ల మంచు వస్తదేమోనని ఉంచిన నాయినా. విప్పి మళ్ల కట్టాల్నంటే నా వల్ల కాదు" అన్నాడు చిన్నోడు.

"నల్ల రోడ్డు కనవడ్డంక ఇనుము తియ్యాలె బిడ్డా. గొలుసు తెగి నీ చక్రాన్నే కొడ్తది. అది నీ నష్టం, నువ్వు పడ్తవ్. రోడ్డు మాత్రం నీ ఒక్కనిది కాదు. నీ ఎనక ఎవలో పాలక్యాన్లు పెట్టుకొని వస్తుంటరు."

ఈ చివరి మాట చిన్నోడికి అర్థం కాలేదు. అయినా కారు పక్కకు ఆపి గొలుసులు విప్పాడు.

పెద్దోడు లేచాడు. మనిషిని పిలిచి, జాకీ పెట్టి, ఒక ఇనుప చక్రం విప్పాడు. ఇద్దరూ కలిసి దాన్ని దొర్లించుకుంటూ మలుపు దాకా తీసుకుపోయారు. పెద్దాయన కర్ర పట్టుకుని వెనకాలే నడిచాడు. రోడ్డు మీద చిల్లులు వరసగా ఉన్నాయి. పెద్దోడు చక్రం అంచును మొదటి చిల్లులో ఆనించి మెల్లగా తిప్పాడు. రెండో పట్టీ రెండో చిల్లులో కూర్చుంది. మూడోది మూడో దాంట్లో. ఉంగరంలో వేలు కూర్చున్నట్టు కూర్చుంది.

"తిప్పినప్పుడల్ల గంట పడ్తది నాయినా" అన్నాడు పెద్దోడు, తల ఎత్తకుండా.

"పడ్తది" అన్నాడు పెద్దాయన.

ఆ యాసంగి అయ్యేదాకా పెద్దోడి ఇనుప చక్రాలు రోడ్డు మీద దొర్లలేదు. ట్రాలీలో ఎక్కించుకుపోయి పొలం గట్టు మీదే బిగించుకున్నాడు, గట్టు మీదే విప్పుకున్నాడు. పొరుగింటాయన చెయ్యి అతికేదాకా పొద్దుటి పాలూ సాయంత్రం పాలూ తనే పాలకేంద్రంలో పోసి వచ్చాడు.

నీతి

కథలో నీతి పెద్దాయన నోటే ఉంది: బలం పోయే చక్రానికే పట్టు కావాలి, జారే నేల మీదే కావాలి. అన్నదమ్ములిద్దరూ తప్పింది ఒక్కచోటే. తమ్ముడు చూసింది చూసినట్టు చేశాడు, ఎందుకని అడగలేదు. అన్నకు ఎందుకో తెలుసు, ఎక్కడిదాకా అన్నది పట్టించుకోలేదు. పట్టు అనేది చక్రంలో ఉండదు, నేలలో ఉండదు. రెండూ కలిసే అంగుళంలో ఉంటుంది. నేల మారితే ఆ అంగుళం మారుతుంది. నేను ఈ కథ చెప్పడానికి కారణం ఇదే.

మాగాణిలో మామూలు టైరు ఎందుకు ఓడిపోతుందో దమ్ము చేసిన ఎవరికైనా తెలుసు. టైరు గాళ్లలో బురద నిండిపోతుంది, టైరు నున్నటి రోలర్ అయిపోతుంది, ఉన్నచోటే తిరిగి గొయ్యి తవ్వుకుంటుంది. ఇనుప చక్రం డొల్ల గనుక బురద అందులోంచి జారిపోతుంది. వెడల్పు గనుక బరువు పరుచుకుంటుంది. దాని పట్టీలు అడుగున గట్టి నేలను తడుముతూ, పైన మట్టిని పిసుకుతూ పోతాయి. అదే చక్రం తారు మీదికొస్తే కథ తిరగబడుతుంది. రెండు టన్నులకు అటూ ఇటూ ఉండే ట్రాక్టర్ బరువులో చాలా భాగం వేళ్లంత మందం ఇనుప అంచుల మీద పడుతుంది. తారు పొర పగులుతుంది, పగుల్లో వాన నీళ్లు దిగుతాయి, కంకర కదులుతుంది. రోడ్డు పాడవడానికి అంతకంటే ఏం కావాలి?

మంచు గొలుసుదీ ఇదే వంశం. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని కనస్టోటాకు చెందిన హారీ వీడ్ 1904లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. బురదలో, మంచులో బండ్లు జారకుండా జనం టైర్లకు తాళ్లు చుట్టుకోవడం చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందంటారు. మన రైతు ఆ తాళ్లను చూసి ఉంటే వెంటనే పోల్చుకునేవాడు.

మంచు టైరు సంగతి వేరు. దాని గుట్టు రబ్బరులో ఉంది. చలి ఏడు డిగ్రీల సెల్సియస్ కిందికి దిగేకొద్దీ మామూలు వేసవి టైరు రబ్బరు గట్టిపడి పట్టు వదులుతుంది. మంచు టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగా ఉంటుంది, దాని మీది సన్నటి గాట్లు మంచును కరిచిపట్టుకుంటాయి. త్రిపురారంలో పుష్యమాసపు తెల్లవారుజాము కూడా ఆ గీత కిందికి దిగడం అరుదు. ఇక్కడ బండి నేర్చుకుని అక్కడికి పోయిన మన పిల్లలకు ఈ తేడా ఒంటబట్టకపోవడంలో వింత లేదు. జర్మనీలో మంచు, గడ్డకట్టిన రోడ్డు ఉన్నప్పుడు చలికాలపు టైర్లు లేకుండా నడపకూడదు. 2024 అక్టోబర్ నుంచి టైరు మీద మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచురేకు గుర్తు తప్పనిసరి చేశారు. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు పాత కారు కొనేముందు టైరు పక్కన ఆ గుర్తును వెతుక్కోవాలి.

కాలిఫోర్నియా కొండల్లో మూడు మెట్ల నియమం ఉంది. మొదటిది ఆర్-1. మంచు టైర్లున్న మామూలు కార్లను గొలుసులు దగ్గర ఉంటే చాలని పోనిస్తారు. ఆర్-2లో నాలుగు చక్రాలకూ బలం వచ్చే బండి అయి, నాలుగింటికీ మంచు టైర్లుంటేనే ఆ మినహాయింపు, అదీ గొలుసులు వెంట ఉంటేనే. ఆర్-3లో ఎవరికీ మినహాయింపు లేదు. గొలుసుల నియమం ఉన్నచోట వేగం గంటకు 25 లేదా 30 మైళ్లు దాటకూడదు. అనుమతి పత్రం ఉన్న మనుషులు డబ్బు తీసుకుని గొలుసులు కట్టిపెడతారు. వాళ్లకు డబ్బివ్వడానికి మొహమాటపడే మనవాళ్లను నేనెరుగుదును. పిల్లలు కారులో ఉన్నప్పుడు మొహమాటం వద్దు.

చిన్నోడు దాటిన ఆ కనుమ పేరు డానర్. 1846లో పడమటికి బయల్దేరిన బండ్ల జట్టు ఒకటి ఆలస్యంగా అక్కడికి చేరింది, మంచు దారి మూసేసింది, చలికాలమంతా అక్కడే చిక్కుకుపోయింది. ఆ జట్టులో సగానికి దగ్గరగా చనిపోయారు. కనుమకు మిగిలింది ఆ జట్టు పేరే. గొలుసు కొనడం ముందుచూపు అనుకుంటాం, నిజానికి డబ్బా మూత తీసి ఒక్కసారి కట్టి చూడడమే ముందుచూపు.

కారుకు నాలుగు చక్రాల బలం ఉంది కదా, మాకెందుకు ఇవన్నీ అనేవాళ్లున్నారు. ఆ బలం బండి కదలడానికి సాయపడుతుంది. బ్రేక్ వేస్తే ఆగడానికి సాయపడేది టైరు పట్టు ఒక్కటే. మంచు మీద బయల్దేరడం వేరు, ఆగడం వేరు. బురదలోనూ అంతే. ఇనుప చక్రం ఉంది గదా అని దిగబడ్డ ట్రాక్టర్‌ను ముందుకే తొక్కితే, కదలని చక్రం తిరగలేక, ఆ బలం ట్రాక్టర్ ముక్కును పైకి లేపుతుంది. క్షణాల్లో ట్రాక్టర్ వెనక్కి తిరగబడుతుంది, డ్రైవర్ దాని కింద పడిపోతాడు. చక్రం కింద దుంగ కట్టి తొక్కినప్పుడు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. దిగబడిన చోట మెల్లగా వెనక్కి రావాలి, లేదంటే ఇంకో ట్రాక్టర్ వచ్చేదాకా ఆగాలి. దీన్ని మన ఊళ్లల్లో ప్రతి డ్రైవర్‌కూ ఎవరో ఒకరు చెప్పి తీరాలి.

పట్టు అసలు దొరకని రోజులూ ఉంటాయి. 2021 ఫిబ్రవరి 11న టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో, తెల్లవారుజామున గడ్డకట్టే వాన పడి ఐ-35 డబ్ల్యూ రోడ్డు గాజులా అయింది. 130కి పైగా బండ్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, ఆరుగురు చనిపోయారు. ఆ డాలస్ ప్రాంతంలో తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. అలాంటి పొద్దున కారు తీయకపోవడమే తెలివి. ఆఫీసుకు ఒక మెసేజ్ పెడితే సరిపోతుంది.

పెద్దోడి తప్పు మాత్రం నన్ను ఎక్కువగా వెంటాడుతుంది. తన పట్టు కోసం పదిమంది దారిని తవ్వడం అది. జపాన్ ఇదే పాఠాన్ని పెద్ద ఎత్తున నేర్చుకుంది. అక్కడ చలికాలంలో మేకుల టైర్లు వాడేవారు. మంచు మీద అవి ప్రాణాలు కాపాడాయి. మంచు లేని రోజుల్లో అవే మేకులు తారును గీకి పొడి చేశాయి. సెండాయ్ లాంటి నగరాల్లో ఆ దుమ్ము జనం ఊపిరితిత్తుల్లోకి పోయింది. చివరకు 1990లో ఆ దుమ్మును ఆపడానికే ఒక చట్టం చేశారు. డ్రైవర్లు మేకులు లేని మంచు టైర్లకు మళ్లారు. కశ్మీర్‌లో తంగ్‌మర్గ్ నుంచి గుల్‌మర్గ్‌కు పోయే దారిలో మంచు పడితే గొలుసు కట్టిన బండ్లనే పైకి వదులుతారు. మన యాత్రికులు చాలామంది అక్కడే మొదటిసారి ఆ గొలుసును చూస్తారు. కిందికి దిగాక ఆ డ్రైవర్లు గొలుసు విప్పి, దులిపి, బస్తాలో వేసుకోవడం కూడా ఆగి చూడండి.

త్రిపురారం మండలంలోనే కంపాసాగర్‌లో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది, కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. కొత్త వంగడం వస్తే రైతులు అక్కడికే పోతారు. యాసంగికి కాలువ నీళ్లు వదలకముందే అలాంటి చోట ట్రాక్టర్ డ్రైవర్లను ఒక్క పూట కూర్చోబెట్టి, చక్రాలు త్వరగా మార్చే పద్ధతి, దిగబడితే బయటపడే పద్ధతి చేసి చూపిస్తే ఎంత మేలు! దమ్ము చేయించుకునే రైతు కూడా చక్రాలు మార్చే ఆ గంటకు కూలి కట్టివ్వాలి. ఆ గంట మొత్తం డ్రైవర్ నెత్తినే వేస్తే అతను రోడ్డెక్కక ఏం చేస్తాడు?

ఈ చలికాలం మంచు కొండలకు పోయేవాళ్లు బయల్దేరే ముందు ఆదివారం, ఇంటి ముందు, పగటి వెలుతురులో, చేతులకు తొడుగులు వేసుకుని ఒకసారి గొలుసు కట్టి విప్పి చూడండి. మీ కారు పుస్తకం తీసి ఏ చక్రాలకు కట్టమని ఉందో చదవండి. డిక్కీలో ఒక పాత దుప్పటి, ఒక టార్చిలైటు పెట్టుకోండి, మోకాళ్ల కింద దుప్పటి లేకపోతే మంచులో పది నిమిషాలు కూర్చోలేరు. కొండ మీద కట్టాక వంద గజాలు పోయి ఆగండి. మొదటి చుట్లలో గొలుసు సర్దుకుని వదులవుతుంది. దిగి, మళ్లీ బిగించి, అప్పుడు పోండి.